కర్రకు కుట్టిన తొడుగు

మా ఇంట్లో దెబ్బ తినని ఎముక ఒక్క పిడుగుదే అనుకునేదాన్ని. మిగతా అందరివీ ఎప్పుడో ఒకప్పుడు విరిగి అతుక్కున్నవే. మా ఆయన ముక్కు రెండుసార్లు పగిలి ఒక పక్కకు ఒరిగింది. సరిచేయించుకోండి అంటే, ఊపిరి ఆడుతోందిగా అంటాడు. నా మరిదికి పక్కటెముకలు, వేళ్ళు, ఒకసారి దవడ. నాకు కుట్టు మిషను సూది గోరులోంచి దిగి వేలి ఎముక చిట్లింది. మాది కిక్‌బాక్సింగ్ నేర్పే జిమ్. కింద జిమ్, మీద మా కాపురం. అన్నదమ్ములిద్దరూ నేర్పుతారు, నేను సంచులు కుడతాను. రోజంతా మనుషులు తంతుంటే సంచులు ఊరుకుంటాయా? కుట్ల దగ్గర పిగిలిపోతాయి, లోపలి గుడ్డపీలికలన్నీ అడుగుకు దిగి రాయిలా బిగుసుకుంటాయి. వాటిని దింపి, విప్పి, దులిపి, మళ్ళీ కూరి, కుట్టి, కొక్కేనికి తగిలించాలి. గ్లవ్స్, ప్యాడ్లు కూడా నా నెత్తినే. పదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ చెమట పీల్చి పీల్చి నా ముక్కు చచ్చిపోయింది.

పిడుగు మా అబ్బాయి. ఆ పేరు వాడి బాబాయ్ పెట్టాడు. తొమ్మిదేళ్ళు. కండరాలు రోజురోజుకీ క్షీణించే జబ్బు వాడికి, పుట్టుకతోనే ఉంది, నాలుగేళ్ళకి బయటపడింది. నేలమీద కూర్చుంటే లేవడానికి తన కాళ్ళను తానే చేతులతో ఎక్కుతాడు. ముందు మోకాళ్ళ మీద చేతులు, తర్వాత తొడల మీద, ఆ తర్వాత నడుము. వాడి పిక్కలు మాత్రం లావు. జిమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు చూసి, ఏం పిక్కలురా, పుట్టు ఫైటర్‌వి అనేవాళ్ళు. అది కండ కాదు నాయనా, కండ చచ్చి ఆ చోట కొవ్వు చేరింది అని చెబితే నన్ను వింతగా చూసేవాళ్ళు. వాడు మాత్రం ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పిక్కలు చూపించుకుంటూ రింగు తాడు పట్టుకుని నడిచేవాడు.

ఆ నడకే మా ప్రాణం. ఎముకల డాక్టరమ్మ ముక్కుసూటి మనిషి, దాచకుండా చెప్పింది. వీడు నడవడం మానేసి కుర్చీకి అతుక్కుపోతే వెన్ను వంగుతుంది, వెన్ను వంగితే ఊపిరి నొక్కుకుపోతుంది, ఎన్నాళ్ళు నడిపించగలిగితే అన్నాళ్ళు నడిపించండి అని. అప్పటినుంచి పొద్దున లేచి వాడి పాదాలు నేలకు ఆనే చప్పుడు వినపడేదాకా నేను పొయ్యి వెలిగించను.

ఆ మాట విన్న రోజు నా మరిది కూడా మాతోనే ఉన్నాడు. వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళినా ఎత్తుకునేది అతనే. రింగులో పడిపోయినవాణ్ణి వెనకనుంచి చంకల కింద ముంజేతులు దూర్చి లేపుతారు చూడండి, అలా లేపుతాడు. డాక్టరమ్మ ఇంకా చెప్పింది.

"మీవాడు రోజూ వేసుకునే బిళ్ళ కండను కాస్త కాపాడుతుంది. కానీ ఎముకను తినేస్తుంది. అలాగని ఆపకూడదు, హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. వచ్చే నెల ఎముకల స్కాన్ తీసి, అవసరమైతే సెలైన్‌లో ఎముక మందు ఎక్కిద్దాం. ఈలోపు ఎండ తగలనివ్వండి, విటమిన్ చుక్కలు మానకండి, రోజూ నిలబెట్టండి. ఎముక మీద బరువు పడాలి. పనిలేని ఎముక పలచబడిపోతుంది."

"అంటే బరువు పడేకొద్దీ గట్టిపడుతుందా డాక్టర్ గారూ?" అన్నాడు నా మరిది.

"అవును."

"మా వాళ్ళకి దెబ్బలతో గట్టిపడినట్టు."

"మీ వాళ్ళ సంగతి వేరు," అంది ఆవిడ. అంతలో నర్సు తలుపు తీసి పిలిస్తే నవ్వుతూ లేచిపోయింది. ఆ రెండో మాట నాకు వినపడింది. నా మరిది చెవికి ఎక్కలేదు.

దెబ్బలతో గట్టిపడటం అంటే చెబుతాను. కొత్తవాడు కాలెత్తి సంచిని తన్నాడంటే మొదటి వారమంతా ఏడుపే. మోకాలి కింద ముందువైపు ఎముక మీద కండ ఉండదు కదా. అందుకని బల్లమీద కాలు చాపించి, కర్రతో ఆ ఎముక మీద టకటకా కొడుతూ పోతారు. మొదట మెల్లగా, నెలలు గడిచేకొద్దీ గట్టిగా. గట్టిచేయడం అంటారు దాన్ని. మంచిదో చెడ్డదో ఏ డాక్టర్నీ అడిగినవాళ్ళు లేరు, వీళ్ళ గురువు చేశాడు, వీళ్ళు చేస్తారు. నా మరిది కాలు తలుపుకి తగిలితే తలుపు సొట్టపోతుంది.

డాక్టరు దగ్గరినుంచి వచ్చిన వారంలోనే అతను జానెడున్నర కర్ర పట్టుకుని నా మిషను దగ్గరికొచ్చాడు.

"వదినా, దీనికో తొడుగు కుట్టిపెట్టవా. మెత్తగా ఉండాలి."

"ఎవరికి బాబూ అంత సుకుమారం?"

"కొత్తగా ఒకడు చేరాడు."

"ఏం, పాలు తాగే పిల్లాడా?"

నవ్వి ఊరుకున్నాడు. నేను పాత గ్లవ్ తోలు కోసి, లోపల రెండు పొరల స్పాంజి పెట్టి, జంట కుట్టు వేసి ఇచ్చాను. పనిలో నాకు వంక పెట్టేవాడు పుట్టలేదు. బుగ్గకు ఆనించి చూశాడు, సరిపోతుంది వదినా అన్నాడు.

తర్వాత కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం, బడి వ్యాను మా గేటు ముందు ఆగింది. నేను గుమ్మం దగ్గర ఒక సంచి పొట్ట విప్పి పీలికలు లాగుతున్నాను. వ్యాన్ ఆయా పిడుగుని దించుతోంది. ఎప్పటిలాగే దించింది, ఇప్పుడు ఒప్పుకుంటాను. వాడి కుడికాలు నేలకు ఆనింది. ఎండుపుల్ల విరిచిన చప్పుడైంది. కాలు మోకాలికీ మడమకీ మధ్యలో వంగింది, అక్కడ వంగడానికి ఏమీ లేదు. వాడు కేక కూడా వెయ్యకుండా ఆయా చేతుల్లోంచి జారిపోయాడు.

చేతిలో పీలికలు ఎప్పుడు వదిలానో, ఆయా జుట్టు ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు. పట్టుకుని దాని తల వ్యాను తలుపుకేసి కొట్టాను. పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టాను.

"నేనేం చెయ్యలేదమ్మా, దించానంతే," అంటోంది, నోట్లోంచి నెత్తురు కారుతూ.

"నా కొడుకు కాలు విరిచి దించానంటావా, నీ తోలు తీస్తానే," అన్నాను. డ్రైవరు, మా ఆయన కలిసి నన్ను విడదీసేసరికి నా గోళ్ళలో దాని వెంట్రుకలున్నాయి.

ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు కాలు చూసి, తొడనుంచి వేళ్ళదాకా సిమెంటు కట్టు వేసి కొన్ని వారాలు పడుకోబెడదాం అన్నాడు. ఈ జబ్బున్న పిల్లాడు మంచమెక్కితే మళ్ళీ దిగడని నాకు తెలుసు. అదృష్టం కొద్దీ మా డాక్టరమ్మ ఆ రోజు అక్కడే ఉంది. ఆవిడ ఎక్స్‌రే చూసి, కట్టు కాదు, రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసి ఎముక లోపల కడ్డీ వేస్తాను, రెండు మూడు రోజుల్లో నిలబెట్టాలి అంది. మత్తు డాక్టరుకి కబురు పెట్టింది, ఈ పిల్లలకి అన్ని మత్తు మందులూ పడవట. విరిగిన ఎముకలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరొచ్చు, శ్వాస మీద కన్నేసి ఉంచండి అని నర్సులకు చెప్పింది. ఇవన్నీ చెప్పేంతవరకు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. తర్వాత నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు వేసింది.

"ఇంట్లో పిల్లాణ్ణి ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టరు."

ఎక్స్‌రేని దీపానికి ఎత్తి పట్టింది. "ఇది ఇవాళ విరిగింది. ఇవి చూడు, దీనికి పైన, కింద. పాత బీటలు. అతుక్కోబోతూ చుట్టూ తెల్లటి పొర వేసుకున్నాయి. రెండు కాళ్ళకీ ఉన్నాయి. పడితే ఇలా రావు. వరసగా, ఒకే ఎముక మీద, చాలా రోజులపాటు ఎవరో కొట్టారు. వెన్నులో కూడా ఒక పూస నలిగి ఉంది. అది బిళ్ళ వల్ల కావచ్చు. నడుము నొప్పి అనలేదా వీడు?"

"ఎప్పుడూ అనలేదు."

"పిల్లల సంరక్షణ వాళ్ళకి నేను చెప్పాలి. చెప్పకుండా ఉండటానికి లేదు."

చెప్పుకోమన్నాను. బయటికొచ్చాను. మా ఆయన వరండాలో గోడకు ఆనుకుని ఉన్నాడు. మా ఇంట్లో ఊరికే చెయ్యి చేసుకునే మనిషి ఆయనే. నేరుగా వెళ్ళి చొక్కా పట్టుకున్నాను.

"వాణ్ణి కొట్టారా?"

"ఎవర్ని?"

"పిడుగుని. కాళ్ళ మీద. కొట్టారా లేదా?"

ఆయన మొహం చూశాక, ఈయన కాదని తెలిసి చొక్కా వదిలేశాను. అప్పుడు స్ట్రెచర్ మీదనుంచి పిడుగు పిలిచాడు.

"అమ్మా, ఆయాని ఎందుకు కొట్టావు? ఆయా ఏం చెయ్యలేదు. అది ముందే నొప్పి."

"ఏది నాన్నా?"

"కాలు. నిన్ను కంగారుపెట్టొద్దన్నాడు బాబాయ్."

"బాబాయ్ కొట్టాడా నిన్ను?"

వాడు నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "కొట్టలేదమ్మా. గట్టిచేస్తున్నాడు. నువ్వు కుట్టిన కర్రతోనే. మెత్తగా ఉంటుంది."

నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. జంట కుట్టు వేశాను దానికి, ఊడిపోకూడదని.

పిడుగు బిళ్ళలు ఇంట్లో ఉన్నాయి. ఆపరేషన్ ఉన్నా సరే అవి ఒక్కపూట కూడా తప్పకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆస్పత్రిలో ఆ రకం లేవు, ఇంటినుంచే తేవాలి. వాళ్ళ నాన్నను వాడి దగ్గర ఉంచి నేను బయల్దేరాను. దారంతా నా పళ్ళు కటకటలాడుతూనే ఉన్నాయి. ఆటోవాడు ఒకసారి వెనక్కి చూసి మళ్ళీ చూడలేదు.

జిమ్‌లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. కుర్రాళ్ళు సంచుల్ని తంతున్నారు. నా మరిది ఒకడి చేతికి గుడ్డ చుడుతున్నాడు. నన్ను చూడగానే వదిలేసి పరుగున వచ్చాడు.

"ఎలా ఉన్నాడు వదినా? వీళ్ళని పంపేసి నేనే వస్తున్నా. ఆ ఆయా దొంగముండని..."

"ఆ కర్ర ఏది?"

"ఏ కర్ర?"

"నేను తొడుగు కుట్టినది."

బల్ల కిందనుంచి తీసి ఇచ్చాడు. ఇవ్వడంలో ఏ బెరుకూ లేదు, అదే నన్ను ఇంకా మండించింది. తొడుగు లాగేశాను. జంట కుట్టు, అంత తేలిగ్గా రాలేదు, పంటితో కొరికాను. ఒట్టి కర్ర చేతికొచ్చాక వంగి అతని కాలిమీద, మోకాలి కింద ఎముక మీద, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. సంచుల చప్పుడు ఆగిపోయింది.

"ఎందుకు వదినా?"

"వాడి రెండు కాళ్ళకీ బీటలున్నాయట. ఎక్స్‌రేలో తెల్లగా కనపడుతున్నాయి. నువ్వు కొట్టిన దెబ్బకొక బీట."

అతనికి వెంటనే అర్థం కాలేదు. "బరువు పడితే గట్టిపడుతుందంది కదా డాక్టరు," అన్నాడు. "మెల్లగానే కొట్టాను వదినా. నా బుగ్గ మీద కొట్టుకుని చూసుకుని మరీ కొట్టాను. స్కాన్ నెలకి గానీ కాదన్నారు. ఈలోపు..."

"ఈలోపు విరిచేశావు."

అప్పుడు అర్థమైంది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనున్న బల్లమీద కాలు చాపి ప్యాంటు పైకి లాగాడు. కొట్టమని.

కొట్టాను. జాలిపడ్డానని ఎవరైనా అనుకుంటే వాళ్ళకి నా సంగతి తెలియదు. ఆ కాలు చితికి ముద్ద కావాలని కొట్టాను. నా కొడుకు కాలు వంగినట్టు అది వంగాలి, ఆ చప్పుడు నేను మళ్ళీ వినాలి, అంతే. చర్మం చీలింది, నెత్తురు మేజోడులోకి కారింది. చుట్టూ అంతమంది తన్నులు తినేవాళ్ళు నిలబడి ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి కర్ర విరిగింది. సగం ముక్క ఎగిరి రింగులో పడింది. అతని ఎముక మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎందుకు పనికొస్తుంది ఆ ఎముక అతనికి, మనుషుల్ని తన్నడానికి తప్ప? దాన్లో పావు వంతు నా బిడ్డకి ఉంటే ఏం పోయింది?

"ఆస్పత్రి గుమ్మం తొక్కావంటే చంపేస్తాను," అని చెప్పి, పైకెళ్ళి, బిళ్ళలు తీసుకుని వచ్చేశాను.

ఆపరేషన్ అయింది. శ్వాస బాగానే ఉంది. మర్నాడు మా ఆయన ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కుడిచేతి పిడికిలి వాచిపోయి ఉంది.

"మీ తమ్ముడు ఎదురు తిరిగాడా?" అన్నాను.

"చెయ్యెత్తలేదు. ఎత్తుంటే బాగుండేది," అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సంరక్షణ ఆఫీసావిడ వచ్చి అందర్నీ విడివిడిగా అడిగింది. బాబాయ్‌తో పిల్లాణ్ణి ఒంటరిగా వదలొద్దని చెప్పింది. నువ్వు చెప్పాలా అనుకున్నాను. ఆయా ఇంటికి కూడా వెళ్ళాను. దాని పెదవికి కుట్లు పడ్డాయి. తప్పయిపోయింది అని, నా చెంప చూపించి, కొట్టు అన్నాను. మొహమాటపడుతుందనుకున్నాను. ఛెళ్ళున కొట్టింది, చెవి గింగురుమంది. అది మంచి మనిషి.

నిలబెట్టాల్సిన రోజు వచ్చింది. వ్యాయామం చేయించే ఆయన మంచి బలమైన మనిషి, వాడి నడుముకు పట్టీ కట్టి లేపబోయాడు. పిడుగు గావుకేక పెట్టాడు. వాళ్ళ నాన్న పట్టుకున్నాడు. వాచిన చెయ్యి పట్టు దొరకక వాడి భుజం నొక్కేశాడు, వాడి మోకాళ్ళు మడతపడిపోయాయి. నేను పట్టుకున్నాను. నామీదే పడిపోయి, వణికిపోతూ, వద్దమ్మా వద్దమ్మా అన్నాడు. మళ్ళీ మంచం మీద పడుకోబెట్టేశాం. ఆ మర్నాడూ అంతే.

"కాలు బాగానే ఉంది, భయం పట్టుకుంది," అంది డాక్టరమ్మ. "కానీ భయం పోయేదాకా ఆగలేం. మంచంలో గడిచే ప్రతిరోజూ వీడి కండని తీసుకుపోతుంది. ఈ రెండు రోజుల్లో నిలబడకపోతే ఇంక కుర్చీ గురించే మాట్లాడుకోవాలి."

"పిడుగూ, ఎవరు పట్టుకుంటే లేస్తావు?" అన్నాను. జవాబు తెలిసే అడిగాను. వాడు నా వంక భయంభయంగా చూసి దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు.

నేను వరండాలోకి వెళ్ళి నా మరిదికి ఫోన్ చేశాను. రా అన్నాను, పెట్టేశాను. ఎంత త్వరగా వచ్చాడంటే, ఆస్పత్రి ఎదురుగానే ఎక్కడో కూర్చుని ఉండాలి. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. పెదవి మీద ఎండిన నెత్తురు. కుడికాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. గుమ్మం దగ్గర ఆగి నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను. మా ఆయన లేచి చోటిచ్చాడు.

అతను మంచం వెనక్కి వెళ్ళి, పిడుగు చంకల కింద ముంజేతులు దూర్చి, ఛాతీకి ఆనించుకున్నాడు. వాడు ఒళ్ళు వదిలేశాడు, కేక వెయ్యలేదు. లేపాడు. ముందు ఎడమపాదం ఆనింది. తర్వాత కుడిది, వేళ్ళు, మడమ. వ్యాయామం ఆయన వంగి మోకాళ్ళకు చేతులు అడ్డం పెట్టాడు. పిడుగు నిలబడ్డాడు. మొహమంతా చెమట, అయినా నిలబడ్డాడు.

"బాబాయ్," అన్నాడు వాడు, తల తిప్పకుండానే. "కుంటుతున్నావేంటి?"

"మీ అమ్మ గట్టిచేసింది."

"నొప్పేసిందా?"

"వేసింది."

"నాక్కూడా వేసేది. రోజూ వేసేది. నడుం కూడా."

"మరి చెప్పలేదేంరా?" అన్నాడు అతను. "ఎన్నిసార్లు అడిగాను నిన్ను? నొప్పా అంటే లేదన్నావు కదరా."

"ఫైటర్లు చెప్పరుగా," అన్నాడు పిడుగు.

అంతమంది పిడిగుద్దులకు వణకని ఆ చేతులు అప్పుడు వణకడం మొదలుపెట్టాయి. మోచేతుల దాకా పాకింది వణుకు. పిడుగు పాదం గచ్చు మీద కాస్త జారింది. నేను ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతుల్ని బయటినుంచి నా చేతులతో బిగించి పట్టుకున్నాను.

"గట్టిగా పట్టుకో," అన్నాను నా మరిదితో. "పడిపోతాడు."